పాలు తాగిన చెక్క పాము

శాలిని టీచరు పొద్దున లేవగానే చేసే మొదటి పని చెప్పులు దులపడం. గుమ్మం బయట ఉన్న జతలన్నీ, తనవీ, వాళ్ళమ్మ దానమ్మవీ, ముందురోజు వచ్చి ఉండిపోయిన చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళవీ, ముందు కర్రతో కదిపి, ఆనక ఒక్కొక్కటే తిరగేసి మెట్టు అంచుకి తట్టి వరసగా పెడుతుంది. ప్రార్థన ఆ తర్వాతే.

"దేవుడికంటే ముందు చెప్పులే నీకు" అని దానమ్మ ఒకసారి నవ్వింది.

"ఇదీ ప్రార్థనేనమ్మా. మోకాళ్ళ మీద కాకుండా వంగి చేస్తున్నానంతే" అంది శాలిని.

ఆదివారం చర్చిలోనూ అంతే. చివరి పాట మొదలవగానే మెల్లగా లేచి వరండాలోకి వెళ్తుంది. ఆశీర్వాదం అయ్యి జనం బయటికొచ్చేసరికి చెప్పులన్నీ దులిపి, ముసలివాళ్ళవి మెట్టుకి దగ్గరగా జరిపి ఉంటాయి. పొరుగూరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు తమ చెప్పులు ఎవరు ముట్టుకున్నారా అని కంగారు పడతారు. మా ఊరివాళ్ళకి అలవాటే. కాళ్ళు పెట్టేటప్పుడు మనసులో ఆమెకో దీవెన పెట్టి నడుస్తారు.

ఆ అలవాటు ఎందుకొచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు. మాది పామర్రు అవతల కాలవ గట్టున ఉన్న ఊరు. చుట్టూ వరిచేలు. శాలిని హైస్కూల్లో చదువుకునే రోజుల్లో, ఒక ఉదయం వాళ్ళ నాన్న ఏసుపాదం చేనుకి నీళ్ళు కట్టడానికి బయలుదేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. చెప్పు కింద చల్లదనానికి కట్లపాము పిల్ల చుట్టుకుని పడుకుంది. మా వైపు దాన్ని పేరు పెట్టి అనరు. పాము కరిచిందని చెప్పరు, పురుగు ముట్టిందంటారు. "నాన్నకి పురుగు ముట్టింది" అని శాలిని వీధిలోకి పరిగెత్తింది.

ఊరంతా కదిలింది. ఎదురింటి హనుమాయమ్మ తన నులక మంచం ఇచ్చింది. నలుగురు మోశారు, ఒకరు ఎండ తగలకుండా గొడుగు పట్టారు. తీసుకెళ్ళింది ఏడుకొండలు ఇంటికి. ఏడుకొండలు కాలవ మీద లస్కరు. తూములు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పాముమంత్రం ఆయన రెండో పని. దానికి ఎవరి దగ్గరా మంచినీళ్ళు కూడా పుచ్చుకోడు. పుచ్చుకుంటే మంత్రం పోతుందని నమ్మకం.

ఏడుకొండలు ముందు వేపాకు నమలమన్నాడు. చేదుగానే ఉందన్నాడు ఏసుపాదం. మిరపకాయ కొరకమన్నాడు. కారంగానే ఉందన్నాడు. విషం ఎక్కితే చేదూ కారమూ తెలియవని మా వైపు లెక్క. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పాస్టరు గారు ఒక పక్క ప్రార్థన చేశారు, ఏడుకొండలు ఇంకో పక్క ఏసుపాదం చెయ్యి పట్టుకుని మంత్రం చదివాడు. ఎవరి భక్తిలోనూ లోటు లేదు. ఏసుపాదం రెప్పలు వాలడం మొదలుపెట్టాక గాని ఎవరికీ ఆస్పత్రి గుర్తు రాలేదు. విజయవాడ తీసుకెళ్తుంటే ఉయ్యూరు దాటాక ఊపిరి ఆగింది. కాస్త ముందు తెస్తే మందు ఉండేదమ్మా అని డాక్టరు గారు దానమ్మతో నెమ్మదిగా చెప్పారట.

శాలిని ఎవరినీ ఒక్క మాట అనలేదు. చదువుకుంది, సైన్సు టీచరు అయ్యింది, బదిలీ మీద మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకే వచ్చింది. ఆమెకు ఒకటే కోరిక. ఈ ఊళ్ళో ఇంకెవరికైనా పురుగు ముడితే మంచం ఏడుకొండలు ఇంటి ముందు ఆగకూడదు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి.

మొదట అందరూ చేసేదే చేసింది. రంగుల చార్టు వేయించి తల్లిదండ్రుల మీటింగులో గోడకి తగిలించింది. నాలుగు పాముల బొమ్మలు, కింద ఏం చేయాలో, ఏం చేయకూడదో. వచ్చినవాళ్ళు ఆ గోడవైపు వీపు పెట్టి కూర్చున్నారు.

"పొద్దున్నే ఆ పేరెందుకు టీచరు గారూ, మా పిల్లాడికి లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పండి" అన్నాడొకాయన.

చార్టు స్టాఫ్ రూములో బీరువా వెనక్కి చేరింది.

ఆ వేసవిలో ఆమెకి విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ట్రైనింగు పడింది. అక్కడ కీర్తన అనే లెక్చరరు, ఆమె విద్యార్థులు కలిసి జంతువుల్లా కదిలే రోబోలు చేసి, కాలేజీ గేటు ముందు టెంటు వేసి దారిన పోయేవాళ్ళందరికీ చూపిస్తున్నారు. ఇసుక పళ్ళెంలో పక్కకి పక్కకి నడిచే ఎండ్రకాయ, గోడెక్కే బల్లి, అద్దాల తొట్టిలో తోకాడిస్తూ ఈదే చేప. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వదులుకుని చూస్తున్నారు. చేపలమ్మే ఒకావిడ తట్ట దించి, తొట్టిలోకి తొంగిచూసి, "ఇదెంత తూగుద్దమ్మా?" అని అడిగింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. నవ్వాక మాత్రం కదల్లేదు. చేప తోక అటూ ఇటూ కొడితే ముందుకెలా పోతుందో ఒక విద్యార్థిని చెబుతుంటే, తట్టలో తన చేపని తీసి తోక ఆడించి చూసుకుంటూ మొత్తం విన్నది.

శాలిని ఆవిడనే చూస్తూ నిలబడింది. చార్టుకి వీపు పెట్టే జనం దీనికి ముఖం పెడుతున్నారు.

జనం పలచబడ్డాక కీర్తన దగ్గరికి వెళ్ళింది. "పామును చేయగలమా అండీ?"

"చేయొచ్చు. జనం పారిపోరూ?"

"నిజం పాము దగ్గరికి ఎవరూ రాకూడదు. దీని దగ్గరికి రావాలి. నాక్కావలసింది అదే."

కీర్తన ఎందుకని అడగలేదు. "సెలవుల్లో రండి, కలిసి చేద్దాం" అంది. ఆ అమ్మాయి చేసిన మేలు అక్కడితో ఆగలేదు. ట్రైనింగు అయిపోయాక కూడా లాబ్‌లో ఒక బల్ల శాలినికి వదిలేసి, మధ్యాహ్నం తన క్యారేజీలో సగం పెట్టేది.

పాము ఒళ్ళు తేలిగ్గా ఉండాలి, ముక్కముక్కకీ మలుపు తిరగాలి. ప్లాస్టిక్‌తో చేసినవి బిరుసుగా వచ్చాయి. శాలిని రైలెక్కి కొండపల్లి వెళ్ళింది. బొమ్మలు చేసే సాయిగణేష్ పొణికి కర్రతో వెన్నెముకలాగా ముక్కలు చెక్కి, లోపల మోటార్లు పట్టేలా తొలిచి ఇచ్చాడు. పొణికి దూదిలా తేలిక. అంతా బాగానే ఉంది గాని, తలకి పడగ పెట్టి, దాని మీద చక్కగా గుర్తు కూడా దిద్దేశాడు.

"పడగ వద్దన్నాను కదండీ" అంది శాలిని.

"పడగ లేకపోతే వానపామనుకుంటారండీ. నా చేతిమీద వెళ్ళే బొమ్మకి ఆ మాట రాకూడదు" అన్నాడు సాయిగణేష్.

అంత ముచ్చటపడి చేసినదాన్ని కోసేయమనడానికి ఆమెకి నోరు రాలేదు. పడగ ఉండిపోయింది.

కీర్తన కూర్చిన పాము తమాషాగా ఉండేది. నున్నటి గచ్చు మీద పెడితే ఉన్నచోటే కొట్టుకుంటుంది, గరుకు చాప మీద పెడితే సాఫీగా సాగుతుంది. దవడ కింద నేల అదురు పట్టే చిన్న బిళ్ళ ఒకటి పెట్టారు. కాళ్ళు తపతపా వేసుకుంటూ వస్తే పాము తల తిప్పుకుని పక్కకి జారుకుంటుంది. పిల్లిలా మెత్తగా మీదకొస్తే మాత్రం లేచి పడగ ఎత్తుతుంది.

బడి తెరవగానే పిల్లలకి చూపించింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ పామును తరిమారు. పెంకులు రాలతాయేమోనని హెడ్ మాస్టరు గారు బయటికొచ్చి, సంగతి చూసి, తనూ ఒకసారి కాలు కొట్టి లోపలికి వెళ్ళారు. అప్పటినుంచి పిల్లలు గట్టు మీద నడిచేటప్పుడు కర్ర తాటించుకుంటూ నడవడం మొదలైంది. కాని చేలోకి దిగేది పెద్దవాళ్ళు. వాళ్ళు బడికి రారు.

అప్పుడే నాగుల చవితి దగ్గరపడింది. ఆ పొద్దున ఊళ్ళో ఆడవాళ్ళంతా కాలవ గట్టు మీది పుట్ట దగ్గరికి పాలు, గుడ్లు, చలిమిడి పట్టుకుని వస్తారు. వాళ్ళ వెనక మగవాళ్ళూ వస్తారు. శాలిని హనుమాయమ్మ ఇంటికి వెళ్ళింది. ఏటా పుట్టలో మొదటి పాలు పోసేది ఆవిడే. పుట్టిల్లు మంగళగిరి, మగ్గం నేసిన చేతులు.

"మామ్మగారూ, మీ పండగ రోజు మీ పుట్ట దగ్గర నా బొమ్మను చూపించాలని ఉంది. మీకు కష్టమనిపిస్తే వద్దనండి. నేనేమీ అనుకోను."

"మీ నాన్న వెళ్ళింది నా మంచం మీదే కదే అమ్మాయ్" అంది హనుమాయమ్మ. "తీసుకురా. దానికీ ఓ చాప వేస్తాలే" అంది.

చవితి పొద్దున మంచు విడవకముందే పుట్ట చుట్టూ జనం చేరారు. పసుపు, అగరొత్తుల వాసన, పిల్లలు కాల్చే టపాకాయలు. పూజకి అడ్డం లేకుండా కాస్త ఎడంగా చాప పరిచి, శాలిని పామును వదిలింది. అది వంకరలు తిరుగుతూ సాగి, చాప చివర ఆగి, పడగ ఎత్తింది. నల్లగా నిగనిగలాడే పడగ, దాని మీద సాయిగణేష్ దిద్దిన గుర్తు. జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు.

హనుమాయమ్మ మాత్రం ముందుకు వేసింది. అరవై ఏళ్ళుగా ఆవిడ పుట్టలో పాలు పోస్తోంది, ఒక్కసారీ పడగ కనబడలేదు. ఇవాళ కనబడింది. బొమ్మ అని తెలుసు. ముందురోజు తనే చాప ఇచ్చింది. అయినా చేతులు తెలిసినదాన్ని వినలేదు. "నాగన్న తండ్రీ" అని, చెంబెడు పాలూ పడగ మీద భక్తిగా పోసేసింది.

పాము ఒకసారి వణికింది. చిటపటమని చప్పుడు. పడగ వాలింది. ఒళ్ళు సగం మెలిక తిరిగి అలాగే ఆగిపోయింది.

టపాకాయలు కాల్చే పిల్లలు కూడా చేతులు ఆపేశారు. "చవితి పూట... ఆవిడ చేతిలోనే..." అని ఎవరో గొణిగారు. హనుమాయమ్మ చేతిలోంచి చెంబు జారింది. "నా ఇంటికేం మూడిందమ్మా" అంటూ అక్కడే కూలబడింది.

శాలిని వేసవంతా చేసిన పని ఆ చాప మీద తడిసి పడి ఉంది. ఆమె దానివైపు చూడలేదు. వెళ్ళి హనుమాయమ్మ పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"మామ్మగారూ, అది చావలేదు. చావడానికి దానికి ప్రాణం ఏదీ? దానికి కడుపే లేదు, మీరు పోసిన పాలు ఎక్కడికెళ్ళాలో తెలియక అన్ని చోట్లకీ వెళ్ళాయి. చూపిస్తాను, రండి."

ఆవిడను చెయ్యి పట్టి తీసుకొచ్చి, స్క్రూలు విప్పి, పాము పొట్ట తెరిచింది. లోపల ఎర్రవీ పచ్చవీ వైర్లు, మోటార్లు, పాలల్లో తడిసిన బ్యాటరీ. హనుమాయమ్మ వంగి చూసింది. చీర చెంగుతో ఒక మోటారు తుడిచింది. భయం వదిలిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆవిడ ముఖం.

"ఇదంతా ఏంటే?" అంది.

ఆవిడ అడిగితే ఊరంతా వంగింది. దూరంగా నిలబడినవాళ్ళు ఒకళ్ళ భుజాల మీదుగా ఒకళ్ళు తొంగిచూశారు. చార్టుకి వీపు పెట్టిన లెక్కల మార్కులాయన చాప మీదే గొంతుక్కూర్చున్నాడు. శాలిని తువ్వాలుతో ఒక్కొక్క ముక్కా తుడుస్తూ చెప్పుకుపోయింది. ఇది నేల అదురు పట్టేది, నిజం పాము దవడతో పట్టుకుంటుంది. అందుకే కర్ర తాటించి నడిస్తే అదే తప్పుకుంటుంది. దానికి మనతో పగ లేదు, మన కాలంటే భయం, అంతే. ఇక్కడ, కంటి వెనక, విషం తిత్తి.

"కాటేస్తే తిత్తంతా వదులుద్దా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. అందరూ తిరిగి చూశారు. అడిగింది ఏడుకొండలు.

"ప్రతిసారీ వదలదు బాబాయ్. అసలు విషం లేని పాములే ఎక్కువ. అలాంటి కాటయితే చెట్టు కింద కూర్చోబెట్టినా బతుకుతారు. విషం వదిలితే మాత్రం ఆస్పత్రిలో విరుగుడు మందు ఒక్కటే దారి. ఏ కాటు ఏదో మన నాలికకి తెలియదు. వేపాకు ఆ రోజు చేదుగానే ఉంది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఏడుకొండలు అక్కణ్ణుంచి వెళ్ళిపోలేదు.

కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు అని చెప్పింది. కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్ర దన్ను పెట్టి మెత్తగా కట్టాలి. వాచిపోతుంది కాబట్టి ఉంగరాలు, గాజులు ముందే తీసేయాలి. గాజుల మాట దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. మంచీ చెడ్డా తెలియని సమయంలో ముత్తైదువ చేతి గాజులు తీయడమా? ఆ మాటకి ఎవరూ తల ఊపలేదు. మిగతావన్నీ విన్నారు. ఎండ నడినెత్తికి వచ్చినా ఎవరూ కదల్లేదు. చలిమిడి అక్కడే పంచుకుని తిన్నారు.

ఇంటికొచ్చి కీర్తనకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలాసేపు నవ్వింది. "పాలు కదండీ, ఊరుకుంటే తోడుకుంటుంది. పట్టుకొచ్చేయండి, స్పిరిటుతో కడిగేద్దాం" అంది. సగం మోటార్లు మార్చాల్సి వచ్చింది. పాము మళ్ళీ సాగింది గాని, చాన్నాళ్ళు పుల్లటి మజ్జిగ వాసన వేసేది. ఒక సాయంత్రం హనుమాయమ్మ ఒక పొట్లం పట్టుకొచ్చింది. పాత రెయిన్ కోటు కత్తిరించి, పాము ఒంటికి సరిగ్గా సరిపోయేలా చేత్తో కుట్టిన తొడుగు. అంచుకి మంగళగిరి చీర జరీ కూడా వేసింది.

"ఇంక ఎవరు పాలు పోసినా లోపలికి పోవు" అంది. "నేను కూడా పోస్తానేమో, నా చేతుల్ని నమ్మలేను."

ఆ ఏడు కోతల ముందు తుఫాను పట్టి చేలు పడుకున్నాయి. మిషను దిగని చోట కూలీలు చేత్తో కోశారు. హనుమాయమ్మ కోడలు రామతులసి కూడా వాళ్ళ సొంత చేలోనే కోతలో ఉంది. హనుమాయమ్మ గొడుగేసుకుని మజ్జిగ తెచ్చి గట్టు మీద కూర్చుంది. కోసి పరిచిన తడి వరిపన ఎత్తబోయిన రామతులసి చెయ్యి వెనక్కి లాక్కుంది. పన కింద రక్తపింజరి.

"అత్తా, పాము" అంది రామతులసి. పురుగు అనలేదు, పేరు పెట్టి చెప్పింది.

ఎవరూ పరిగెత్తలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ఆమెను మెల్లగా గట్టు మీద కూర్చోబెట్టారు. హనుమాయమ్మ గొడుగు మూసి చేతికి దన్నుగా పెడితే, ఒకామె తలకి చుట్టుకున్న తువ్వాలుతో మెత్తగా కట్టింది. ఇంకొకామె ఆటోకి ఫోన్ చేసింది. అన్నీ అయ్యాక అందరి చూపూ రామతులసి మణికట్టు మీద ఆగింది. నిండా ఆకుపచ్చ గాజులు. అప్పటికే చెయ్యి ఉబ్బుతోంది. ఎవరికీ చెయ్యి ముందుకు రాలేదు.

హనుమాయమ్మ కోడలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "దేవుడా, నీకు తెలుసు" అని, ఒక్కొక్క గాజూ తనే తీసింది. చివరివి రాకపోతే కొడవలి పిడితో తట్టి చితక్కొట్టింది. "గాజులు మళ్ళీ వేయిస్తానే. నువ్వు ఉండు చాలు" అంది.

ఆటో వచ్చింది. ఊళ్ళోకి మలుపు తిరగ్గానే డ్రైవరు ఏడుకొండలు ఇంటి ముందు బ్రేకు వేశాడు. ఎవరూ చెప్పలేదు. పురుగు ముట్టిన మనిషిని ఎక్కించుకుంటే అక్కడ ఆపడం అలవాటు. ఏడుకొండలు వేపరెబ్బ పట్టుకుని బయటికొచ్చాడు. అప్పటికే వాకిట్లో మనుషులు చేరి, రామతులసిని దింపడానికి చేతులు చాచారు.

హనుమాయమ్మ ఆటో గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"దింపొద్దు. ఏడుకొండలూ, దారియ్యి. పాము పొట్టలో ఏముందో నేను చూశాను."

ఏడుకొండలు వేపరెబ్బతో అలాగే నిలబడిపోయాడు. డ్రైవరు ఆయనవైపు ఒకసారి, హనుమాయమ్మవైపు ఒకసారి చూశాడు. "పోనీరా" అని ఆవిడ అన్నాక ఆటో కదిలింది. పామర్రులో మొదటి మందు పడింది. అక్కణ్ణుంచి విజయవాడ. శాలిని బడి నుంచే సూటిగా ఆస్పత్రికి వెళ్ళింది. ఆ వరండాలోనే తను ఒకప్పుడు స్కూలు యూనిఫాంలో కూర్చుంది. ఇవాళ అక్కడ హనుమాయమ్మ కూర్చుని ఉంది. ఇద్దరూ చెరో దేవుణ్ణి తలుచుకుంటూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. దానమ్మ పంపిన క్యారేజీ ఇద్దరూ తిన్నారు.

"మంచి పని చేశారు, కదలకుండా తెచ్చారు, సమయానికి తెచ్చారు" అన్నారు డాక్టరు గారు.

ఆ మాట వినడానికి శాలిని ఎన్నేళ్ళు ఆగిందో ఆయనకి తెలియదు. ఆమె నమస్కారం పెట్టి, బయటికొచ్చి, వార్డు గుమ్మం ముందు చిందరవందరగా పడి ఉన్న చెప్పులన్నీ వంగి ఒక్కొక్కటే దులపడం మొదలుపెట్టింది. దులుపుతూ ఏడ్చింది. అది దుఃఖం కాదు.

రామతులసి ఇంటికొచ్చిన రోజు మా ఊళ్ళో పండగలా ఉంది. మా వీధి ఆడవాళ్ళంతా గాజులు పట్టుకొచ్చారు. ఎవరివి కాదంటే వాళ్ళకి కష్టం, అందుకని రెండు చేతులకీ మోచేతుల దాకా వేయించుకుంది. దానమ్మ గాజులు వేసుకోదు, అయినా పామర్రు వెళ్ళి ఒక డజను కొనుక్కొచ్చింది. వాకిట్లో చాప వేసి పామును ఆడించారు. జరీ అంచు తొడుగు వేసుకుని అది సాగుతుంటే పిల్లలూ పెద్దలూ కలిసి నేల తన్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, మా చర్చికి తేవాలి, మా రచ్చబండకి తేవాలి అని శాలినిని అడుగుతున్నారు. కీర్తన కూడా వచ్చింది. హనుమాయమ్మ తన పక్కనే కూర్చోబెట్టుకుని, "మా పాముకి డాక్టరమ్మ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

రానివాడు ఏడుకొండలు ఒక్కడే.

"లస్కరు గారి మంత్రం రిటైరయింది. ఇంక తూములు ఎత్తుకోవడమే" అని ఒకాయన నవ్వాడు. నలుగురు కలిశారు. శాలిని చేతిలో రిమోటు పక్కవాళ్ళకిచ్చి లేచింది.

ఏడుకొండలు ఇంటి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూర్చోండి బాబాయ్." ఆమె అరుగు చివర కూర్చుంది.

"నవ్వుతున్నారంట గదా" అన్నాడాయన. "నవ్వనీలే. మీ నాన్నప్పుడు వేపాకు చేదుందన్నాడు. నేను నమ్మాను."

"ఆ రోజు మీరు నాన్న చెయ్యి వదల్లేదు. చివరిదాకా నాన్న భయపడలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అది మీ వల్లే. దాని గురించే వచ్చాను బాబాయ్, నాకో సాయం చేయాలి."

"నేనా? నీకా?"

"పురుగు ముట్టిన మనిషి గుండె దడతో సగం పోతాడు. ఎంత కదిలితే అంత చెరుపు. కదలకు, ఏం కాదు అని నేను చెబితే వినరు, మీరు చెబితే వింటారు. మొన్న ఆటో మీ గుమ్మం ముందు దానంతట అదే ఆగింది చూశారుగా. రేపు పక్కూరి ఆటో అయినా ఆగుతుంది. ఆగినప్పుడు రోగిని దింపకండి, మీరే ఎక్కండి. ఆస్పత్రి దాకా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోండి. మీ మంత్రం మీరు చదువుకోండి, నేను వద్దనను."

ఏడుకొండలు కాలవవైపు చూశాడు. కళ్ళు తుడుచుకుని, మెట్టు మీదున్న చెప్పులు తిరగేసి రెండుసార్లు తట్టి, కాళ్ళకి తొడుక్కున్నాడు. వీధి చివర నేల తన్నుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

"మంత్రం ఆటోలో పనిచేస్తుందంటావా అమ్మాయ్?"

"దారిలో ఎక్కడా ఆపనివ్వకండి బాబాయ్, పనిచేస్తుంది. ఆ ఒక్క సాయం చేయండి."